పీజీ డిసర్టేషన్‌కి సమాచార హక్కు చట్టం ఎంతవరకు పనికొస్తుంది? వాడి చూసి రాస్తున్న రివ్యూ

పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఎం.ఏ. చివరి ఏడాదిలో డిసర్టేషన్ రాయడానికి నేను వాడుకున్న వాటన్నిటిలో ఎక్కువ ఉపయోగపడింది సమాచార హక్కు చట్టం. సాఫ్ట్‌వేర్లకి రివ్యూలు రాస్తారు, కోచింగ్ సెంటర్లకి రాస్తారు, చివరికి బైండింగ్ షాపులకి కూడా రాస్తారు. ప్రభుత్వం చట్టం చేసి మన చేతికిచ్చిన ఈ సేవకి మాత్రం ఒక విద్యార్థి వైపు నుంచి రాసిన రివ్యూ నాకెక్కడా కనపడలేదు. మండల ఆఫీసులో కూర్చుని రిజిస్టరు తెరిచి చూసి, నోట్సు రాసుకునే హక్కు ఐదు రూపాయల దరఖాస్తుతో వస్తుందని మా బ్యాచ్‌లో చాలామందికి తెలియదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను తెనాలి దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో అకౌంట్స్ చూస్తాను. దూరవిద్యలో ఎం.ఏ. చేశాను. ప్రతి జూన్‌లోనూ తల్లిదండ్రులు ఆదాయం సర్టిఫికెట్, కులం సర్టిఫికెట్ పట్టుకుని నా టేబుల్ దగ్గరికే వస్తారు. "ఇంకా రాలేదమ్మా, సచివాలయంలో పెట్టాం" అని చెప్పేవాళ్ళూ ఎక్కువే. అందుకని నా టాపిక్ కోసం వెతుక్కోవాల్సిన అవసరం రాలేదు. మన రాష్ట్రంలో ఆదాయం సర్టిఫికెట్‌కి గడువు 7 రోజులు, కులం సర్టిఫికెట్‌కి 30 రోజులు. గడువు గోడ మీద రాసి ఉన్నప్పుడు అది ఫైల్లో ఎలా నడుస్తోంది? నా ప్రశ్న అంతే. మండలం పేరు ఇక్కడ రాయడం లేదు. నాకు సాయం చేసిన ఉద్యోగులకి ఇబ్బంది రాకూడదు.

మొదట మా గైడ్ గారు అందరికీ చెప్పినట్టే నాకూ చెప్పారు. ఒక ప్రశ్నావళి తయారుచేసి వంద మందితో నింపించి, శాతాలు కట్టి, పై చార్టులు వేయమన్నారు. ఆయన్ని తప్పు పట్టడం లేదు, మన సబ్జెక్టులో చాలా డిసర్టేషన్లు అలాగే నడుస్తున్నాయి. కానీ పని కావాల్సిన ఆఫీసు వరండాలో నిలబెట్టి "ఇక్కడి సేవలతో మీరు సంతృప్తిగా ఉన్నారా?" అని అడిగితే ఎవరైనా ఏమంటారు? "బాగానే ఉందండీ" అంటారు. ఆ జవాబులో నిజం ఎంత, భయం ఎంత, మొహమాటం ఎంత అన్నది ఏ చార్టూ చెప్పలేదు. పరిపాలన గురించి రాస్తున్నప్పుడు పరిపాలన తన చేత్తో రాసుకున్న కాగితాన్ని ముందు చూడాలని నా గట్టి నమ్మకం. ప్రశ్నావళి ఆ తర్వాత రావాలి. ఈ మాట గైడ్ గారికి చెప్పి ఒప్పించాను. ఆయన కూడా, "రికార్డు దొరికితే చెయ్యండమ్మా, దొరక్కపోతే మళ్ళీ ప్రశ్నావళికే రండి" అన్నారు.

ఇక సేవ సంగతి. 2005 అక్టోబర్ 12 నుంచి పూర్తిగా అమల్లో ఉన్న ఈ చట్టంలో విద్యార్థికి పనికొచ్చే సెక్షన్లు నాలుగైదే. సెక్షన్ 2(జె) చదవండి. సమాచార హక్కు అంటే జిరాక్స్ కాపీలు ఒక్కటే కాదని, రికార్డును స్వయంగా తనిఖీ చేయడం, నోట్సు తీసుకోవడం, ధ్రువీకరించిన నకళ్ళు పొందడం, కంప్యూటర్లో ఉన్నది ప్రింటు తీసుకోవడం అన్నీ అందులోకే వస్తాయని అది చెబుతుంది. 6(2) ప్రకారం ఎందుకు అడుగుతున్నామో కారణం చెప్పక్కర్లేదు. 6(3) ప్రకారం మన దరఖాస్తు సంబంధంలేని ఆఫీసుకి వెళితే వాళ్ళే ఐదు రోజుల్లో సరైన ఆఫీసుకి పంపాలి. జవాబుకి గడువు 30 రోజులు. ఆ గడువు దాటితే 7(6) కింద సమాచారం ఉచితంగా ఇవ్వాలి. ఫీజు విషయంలో మన రాష్ట్ర నియమాలు కేంద్రం కంటే మెరుగు. గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తుకి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. నకలు పేజీకి 2 రూపాయలు. తనిఖీకి మొదటి గంట ఉచితం, ఆ తర్వాత చిన్న ఫీజు ఉంటుంది.

డబ్బు పరంగా ఇంతకంటే చవకైన రీసెర్చ్ ఉండదు. అసలు ఖర్చు దరఖాస్తు రాయడానికి పెట్టే ఆలోచనే.

మా బ్యాచ్‌లో ఒకతను "సర్టిఫికెట్ల జారీలో ఆలస్యం ఎందుకు జరుగుతోంది, దాని నివారణకు మీ సూచనలేమిటి" అని అడిగాడు. "మీరు కోరినది సమాచారం నిర్వచనంలోకి రాదు" అని ఒక్క లైనులో తిప్పి పంపారు. చట్టప్రకారం ఆ జవాబు సరైనదే. ఉన్న రికార్డు ఇవ్వాలే తప్ప, లేనిదాన్ని తయారుచేసి ఇవ్వక్కర్లేదని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్ఈ కేసులో స్పష్టంగా చెప్పింది. కాబట్టి "ఎందుకు", "ఎలా", "మీ అభిప్రాయం" లాంటి మాటలు దరఖాస్తులో ఉండకూడదు. విశ్లేషణ మన పని. కాగితం చూపించడం వాళ్ళ పని.

నేను రాసింది ఇలా ఉంది: "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మీ కార్యాలయానికి ఆదాయ ధ్రువపత్రాల కోసం అందిన దరఖాస్తుల జాబితా, ఒక్కొక్కటి అందిన తేదీ, వీఆర్వో, ఆర్‌ఐ, తహసీల్దార్ల వద్ద పరిష్కరించిన తేదీలు, తిరస్కరించిన వాటికి నమోదు చేసిన కారణం ఉన్న రిజిస్టరు లేదా లాగిన్ రిపోర్టును సెక్షన్ 2(జె) కింద తనిఖీ చేయడానికి అనువైన తేదీ తెలపగలరు. దరఖాస్తుదారుల పేర్లు, ఆధార్, ఫోన్ నంబర్లు నాకు అవసరం లేదు. సెక్షన్ 10 కింద వాటిని తొలగించి చూపవచ్చు." ఈ చివరి రెండు వాక్యాలు ఎవరూ మర్చిపోకూడదు. వ్యక్తిగత సమాచారం అని చెప్పి 8(1)(జె) కింద మొత్తం దరఖాస్తునే తిప్పికొట్టే వీలుంది. 2023 డేటా రక్షణ చట్టం ఆ క్లాజును ఇంకా గట్టిగా బిగించింది. పేర్లు మనకి అక్కర్లేదని మనమే ముందు చెబితే ఆ తలుపు మూయడానికి కారణం ఉండదు. అదీకాక, ఒక పేదవాడి ఆదాయం వివరం పేరుతో సహా మన నోట్‌బుక్‌లోకి ఎందుకు రావాలి? నా దృష్టిలో అది పరిశోధన మర్యాద కూడా.

దరఖాస్తు పెట్టేముందు ఆ ఆఫీసు 4(1)(బి) పుస్తకం చదవాలి. ప్రతి ప్రభుత్వ ఆఫీసూ 17 అంశాల మీద తనంతట తాను ప్రకటించాల్సిన సమాచారం అది. అందులో ఆరో అంశం, తమ దగ్గర ఏయే రకాల రికార్డులున్నాయో చెప్పే జాబితా. రిజిస్టరు పేరు తెలిసి అడిగేవాళ్ళకీ తెలియక అడిగేవాళ్ళకీ వచ్చే జవాబులు వేరుగా ఉంటాయి. మన రెవెన్యూ ఆఫీసుల్లో ఫైలు ముగిశాక దానికి ఆర్.డిస్, డి.డిస్, ఎల్.డిస్ అని ముద్ర పడుతుంది. ఆర్.డిస్ శాశ్వతంగా ఉంచేది, డి.డిస్ పదేళ్ళు, ఎల్.డిస్ అయితే ఏడాది దాటాక తీసెయ్యొచ్చు. ఇది తెలిస్తే "నాలుగేళ్ళ డేటా" లాంటి సినాప్సిస్ (డిసర్టేషన్‌కి ముందు ఆమోదం కోసం ఇచ్చే ప్రణాళిక) రాయరు. నేను ఇటీవలి కాలానికే పరిమితం చేసుకోవడానికి కారణం ఇదే. దీని గురించి నా మెథడాలజీ అధ్యాయంలో ఒక పేరా రాశాను.

తనిఖీకి పిలిచిన రోజు సంగతి కొంచెం చెప్పాలి. ఇంట్లో మా మరిది "ఎందుకొదినా ఆఫీసుల్తో గొడవ" అన్నాడు. ఆఫీసులో సూపరింటెండెంట్ గారు చూసీ చూడగానే "ఏంటమ్మా, ఎవరి మీద ఫిర్యాదు?" అన్నారు. రెండు మాటలకీ మూలం ఒకటే. సమాచార హక్కు అంటే తగాదా అనే ముద్ర పడిపోయింది. కారణం చెప్పాల్సిన పని లేదని చట్టం అంటున్నా, నేను మాత్రం ఐడీ కార్డు, గైడ్ గారి లెటరు చూపించి, ఇది చదువు కోసం అని చెప్పాను. కాబోయే విద్యార్థులకి కూడా ఇదే చెబుతాను. హక్కు ఉంది కాబట్టి చెప్పకూడదన్న పట్టుదల మనకి ఏ లాభమూ చెయ్యదు. చెప్పిన తర్వాత ఆ గదిలో గాలే మారిపోయింది. సీనియర్ అసిస్టెంట్ మేడమ్ కుర్చీ వేయించి, లాగిన్ రిపోర్టు ప్రింటు పెట్టి, పక్కనే పాత చేతిరాత రిజిస్టరు కూడా తెచ్చి ఇచ్చారు. నేను అడగని కాగితం అది. ఏ కాలమ్‌లో ఏ సంకేతానికి ఏమర్థమో ఆవిడే చెప్పారు. రిజిస్టరు చూడకపోతే ఈ డిసర్టేషన్ లేదు. ఆవిడ చెప్పకపోతే ఆ రిజిస్టరు నాకు సగమే అర్థమయ్యేది.

ఆ కాగితాల్లో ఏం కనపడిందో చెబితే ఈ సేవ విలువ తెలుస్తుంది. పైపైన చూస్తే దాదాపు అన్నీ గడువులోపలే పరిష్కారం అయ్యాయి. నెలవారీ రిపోర్టు చూస్తే ఎవరైనా మెచ్చుకుంటారు. తేదీల వారీగా చూసుకుంటూ పోతే గడువు చివరి రోజుల్లో తిరస్కరణలు గుంపులుగా ఉన్నాయి. "పత్రాలు అసంపూర్ణం", "ఫీల్డ్ ఎంక్వైరీలో దరఖాస్తుదారు అందుబాటులో లేరు" అన్న కారణాలే ఎక్కువ. తిరస్కరించినా అది "పరిష్కారం" కిందే లెక్క. మనిషి మళ్ళీ కొత్తగా పెట్టుకుంటాడు, గడియారం మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. లెక్కలో రెండు దరఖాస్తులు, రెండూ గడువులోపలే. తల్లి మాత్రం నా టేబుల్ దగ్గర "ఇంకా రాలేదమ్మా" అంటూనే ఉంటుంది. ప్రశ్నావళి ఎంతమందితో నింపించినా ఈ సంగతి బయటికి రాదు.

దీన్ని ఉద్యోగుల మోసం అని రాయలేదు, రాయకూడదు కూడా. తర్వాత వీఆర్వోలతో మాట్లాడాను. ఓటరు జాబితా, ధాన్యం కొనుగోలు, భూముల రీసర్వే, ప్రోటోకాల్ డ్యూటీలు అన్నీ వాళ్ళ మీదే. ఆదాయం ఎంక్వైరీకి ఇంటికి వెళితే కూలికి వెళ్ళిన మనిషి సాయంత్రం దాకా రాడు. గడువు దాటితే స్క్రీన్ మీద ఎర్ర రంగు, పై నుంచి మెమో. తిరస్కరిస్తే ఏ సమస్యా లేదు. అలాంటి కొలమానం పెట్టాక కింద ఉన్న మనిషి ఏం చేస్తాడో ఊహించడం కష్టం కాదు. రెండో పరిపాలనా సంస్కరణల సంఘం 2009లో ఇచ్చిన 12వ నివేదిక మొత్తం పౌరుడు కేంద్రంగా ఉండే పరిపాలన గురించే. సిటిజన్ చార్టర్, అంటే ఏ సేవ ఎన్ని రోజుల్లో ఇస్తామో ఆఫీసు చెప్పే మాట, కాగితం మీద వాగ్దానంగా మిగిలిపోకూడదన్న చర్చ అందులో ఉంది. నా మండలం రిజిస్టరు పక్కన పెట్టుకుని ఆ నివేదిక చదివినప్పుడు థియరీ అధ్యాయం దానంతట అదే కుదిరింది.

లోపాలు చెప్పకపోతే రివ్యూ కాదు. మొదటిది టైము. 30 రోజుల గడువు, జవాబు రాకపోతే మొదటి అప్పీలు, దానికి మళ్ళీ 30 నుంచి 45 రోజులు. సెమిస్టర్‌లో సగం అక్కడే పోతుంది. జిల్లా స్థాయిలో ఒక ఆఫీసుకి పెట్టిన నా దరఖాస్తుకి అసలు జవాబే రాలేదు. మొదటి అప్పీలు వేశాక "వివరాలు వెబ్‌సైటులో చూడగలరు" అని వచ్చింది. ఆ వెబ్‌సైటులో ఉన్న 4(1)(బి) పుస్తకంలో ఎప్పుడో బదిలీ అయిపోయిన అధికారుల పేర్లున్నాయి. రెండో అప్పీలు రాష్ట్ర సమాచార కమిషన్‌కి వెళ్ళాలి. 90 రోజుల్లోపు వేసే వీలుంది కానీ విచారణ వచ్చేసరికి మన పట్టా కూడా వచ్చేస్తుంది. ఆలస్యానికి రోజుకి 250 చొప్పున 25,000 దాకా జరిమానా అని సెక్షన్ 20 చెబుతోంది. విద్యార్థికి ఆ సెక్షన్ వల్ల సబ్మిషన్ తేదీ వెనక్కి జరగదు. ఆ టెన్షన్ భరించలేకే జిల్లా స్థాయి పోలిక అధ్యాయాన్ని తీసేసి, ఒక్క మండలాన్నే లోతుగా రాశాను. ఇప్పుడు చూస్తే అదే మంచిదయిందని అనిపిస్తోంది, కానీ ఆ నిర్ణయం నా ఇష్టంతో తీసుకున్నది కాదు.

ఇంకో ఇబ్బంది, నకళ్ళ నాణ్యత. వెనక పేజీ అక్షరాలు ముందుకి కనపడే జిరాక్సులు వస్తాయి. అందుకే తనిఖీ అడగమని ఇంతగా చెబుతున్నాను. కళ్ళతో చూసి రాసుకుని, ముఖ్యమైన పేజీలకి మాత్రమే ధ్రువీకరించిన నకలు తీసుకోండి.

అన్నిటికీ ఈ చట్టమే అక్కర్లేదన్న మాట కూడా చెప్పాలి. ఉపాధి హామీ మీద రాసేవాళ్ళకి సోషల్ ఆడిట్ (పథకం లెక్కల్ని ఊరివాళ్ళతో కలిసి తనిఖీ చేయడం) రికార్డు ఇప్పటికే ఉంది. 2006 ఫిబ్రవరిలో ఆ పథకం మొదలైందే అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. సోషల్ ఆడిట్ కోసం ప్రత్యేక సొసైటీ పెట్టింది కూడా మన ఉమ్మడి రాష్ట్రమే, 2009లో. రాజస్థాన్ పల్లెల్లో కూలీలు "మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) చూపించండి" అని అడిగిన పోరాటం నుంచే ఈ సమాచార హక్కు పుట్టిందని గుర్తుంటే, ఈ రెండింటి మధ్య చుట్టరికం తెలుస్తుంది. పాత పరిశోధనలకైతే శోధగంగ వెబ్‌సైటు. పీహెచ్‌డీ థీసిస్‌లు అధ్యాయాల వారీగా పీడీఎఫ్‌లుగా ఉచితంగా ఉంటాయి, మన యూనివర్సిటీలవి కూడా బోలెడు. ముగింపులు కాదు, వాళ్ళ అనుబంధాలు చదవండి. ఏ రికార్డు ఎక్కడ దొరుకుతుందో అక్కడ తెలుస్తుంది. థియరీ పాఠాలకి ఇగ్నో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం) వాళ్ళ ఈజ్ఞానకోశ్ వెబ్‌సైటు చాలు.

డబ్బు తీసుకుని డిసర్టేషన్ మొత్తం రాసిపెట్టే వాళ్ళ గురించి కూడా నాకు కబుర్లు వచ్చాయి. ఆ సేవకి నా రేటింగ్ సున్నా. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటితే తిరిగి రాసి సమర్పించాలి, 40 దాటితే ఏడాది పాటు సమర్పించనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. శిక్ష మాట అటుంచినా, ప్రభుత్వం జవాబుదారీగా ఉండాలని రాసే కాగితాన్నే కొనుక్కోవడం నా మనసు ఒప్పుకోలేదు. తెలుగులో రాసేవాళ్ళకి ఇంకో చిన్న సూచన. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టిస్తే తర్వాత వెతకడానికి, కాపీ చేసుకోవడానికి పనికిరాదు. యూనికోడ్‌లో కొట్టమని ముందే చెప్పండి, మండలి ఫాంటు పుస్తకానికి బాగుంటుంది.

వైవాలో (మౌఖిక పరీక్షలో) బయటి ఎగ్జామినర్ గారు తిరస్కరణల పట్టిక మీద వేలు పెట్టి "ఈ సంఖ్య ఎక్కడిదమ్మా?" అని అడిగారు. అనుబంధంలో ధ్రువీకరించిన నకలు ఉన్న పేజీ తీసి చూపించాను. ఆ తర్వాత ప్రశ్నలన్నీ వీఆర్వోల పనిభారం మీదకి, కొలమానం ఎలా మార్చాలన్న దాని మీదకి వెళ్ళాయి. ఎవరితోనైనా రాయించుకున్నావా అన్న అనుమానం ఆ గదిలోకి రాలేదు.

నా రేటింగ్ ఐదుకి నాలుగు. తగ్గించిన ఆ ఒక్కటీ అప్పీళ్ళ ఆలస్యానికి. పూర్తిగా ప్రైవేటు రంగం మీదో, సిద్ధాంతం మీదో రాసేవాళ్ళకి దీనితో పెద్దగా పనిలేదు. ఒక ఆఫీసు, ఒక పథకం, ఒక సేవ మీద రాసేవాళ్ళు మాత్రం సినాప్సిస్ ఆమోదం వచ్చేదాకా ఆగకుండా టాపిక్ అనుకున్న వారంలోనే దరఖాస్తు పెట్టేయండి. స్పీడ్ పోస్ట్ రసీదు దాచుకోండి. 31వ రోజున మొదటి అప్పీలు రాసి సిద్ధంగా ఉంచుకోండి. డిపార్ట్‌మెంట్ల వాళ్ళు కూడా డిసర్టేషన్ క్యాలెండర్ వేసేటప్పుడు మొదట్లోనే ఈ 30 రోజులు కలిపితే, పిల్లలు చివరి నెలలో ప్రశ్నావళి మీద పడాల్సిన అవసరం ఉండదు.